పలకొద్దన్న ఇల్లు

ఇరవై రెండేళ్లు తుపాకీ భుజాన వేసుకుని బ్యాంకు ఖజానా ముందు రాత్రి కాపలా కాసిన మనిషి అతను. అన్నేళ్లలోనూ ఖజానా దగ్గర ఒక్క తూటా పేల్చలేదు. పేల్చవలసిన అవసరమే రాలేదు. శిక్షణలో అట్టల మీద కాల్చినవి తీసేస్తే అతను తుపాకీ పేల్చింది జీవితంలో ఒక్కసారే. అదీ తన ఇంట్లో, పట్టపగలు ఒకటిన్నరకి, తన భార్య మీద.

ఆమె చనిపోలేదు. చనిపోయి ఉంటే చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ మిగిలేది కాదు. అతనొక దోషి, అంతే. ఆమె బతికింది కాబట్టి, ఇక మీదట ఇద్దరూ ఒక కప్పు కింద బతకగలరా లేదా అన్నది తేలవలసి వచ్చింది. అది తేలడానికి మూడేళ్లు పట్టింది.

ముప్పై నాలుగో ఏట దాకా అతను నూలు మిల్లులో పనిచేశాడు. మిల్లు మూతపడ్డాక ఎనిమిది నెలలు ఖాళీగా తిరిగి, కాళ్లరిగాక, ఖజానా కాపలా పని ఉందని విన్నాడు. సొంత తుపాకీ, దానికి లైసెన్సు ఉన్నవాళ్లనే తీసుకుంటారు. తండ్రి పొలం మీదకి వచ్చే పందుల్ని బెదరగొట్టడానికి ఉంచుకున్న జంట గొట్టాల తుపాకీ ఒకటి ఇంట్లో మూలపడి ఉంది. దాన్ని తన పేరు మీదకి మార్పించుకున్నాడు. ఆ విధంగా, తుపాకీ మీద మోజేమీ లేని మనిషి తుపాకీతో బతుకు మొదలుపెట్టాడు.

ఆ వీధి పిల్లలు అతన్ని రాత్రి మావయ్య అనేవారు. సాయంత్రం ఏడింటికి ఖాకీ చొక్కా తొడుక్కుని, గొట్టాలకి గుడ్డ తొడిగిన తుపాకీ వీపున కట్టుకుని సైకిలెక్కడం తప్ప అతను వాళ్లకి మరోలా కనబడేవాడు కాదు. పొద్దున ఏడున్నరకి వచ్చి, స్నానం చేసి, తిని, ఎనిమిదిన్నరకల్లా పడుకునేవాడు. నాలుగింటికి లేచేవాడు. లోకం అంతా మేలుకుని ఉండే వేళలోనే అతనికి నిద్ర కావాలి. లోకాన్ని నోరు మూసుకోమనలేడు కాబట్టి ఇంటిని మూసుకోమన్నాడు.

ఇల్లంటే రెండు గదులు, ఒక వంటగది. ముందు గదిలో వీధి తలుపు, ఆమె కుట్టుమిషను. లోపలి గదిలో అతని మంచం. కిటికీకి లోపలి నుంచి నల్లగుడ్డ కొట్టేశాడు. రెండు గదులకీ మధ్యనున్న తలుపు కిర్రుమంటోందని రెక్క ఊడదీసి, మందపాటి గోధుమరంగు కర్టెన్ వేలాడదీశాడు. మిగతా తలుపుల బందులకి ఆమె నెలకోసారి మిషను నూనె పోసేది. కుక్కరు పెడితే విజిల్ వస్తుందని మూత లేని గిన్నెలోనే వండేది. చెప్పులు వీధి గుమ్మం బయటే విప్పి చేత్తో పట్టుకుని లోపలికొచ్చేది. గోడవారగా నడవాలి, మధ్యలో ఒక బండ కదులుతుంది. దగ్గొస్తే పెరట్లోకి పరుగు. కూతురు చిన్నప్పుడే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చప్పుడు లేకుండా నవ్వడం నేర్చుకుంది. పెళ్లయ్యాక కూడా ఆ అలవాటు పోలేదు. అల్లుడు కొత్తలో బెంబేలెత్తి, "ఏడుస్తున్నావా?" అని అడిగేవాడట.

ఒకసారి కూతురి అత్తగారు పగటిపూట వచ్చి, అరగంట సేపు సైగలతో మాట్లాడి, వెళ్తూ వెళ్తూ గుమ్మం బయట అంది:

"వదినా, ఏమనుకోకు. ఇంట్లో ఎవరైనా పోయారేమోనని భయపడ్డాను."

"పోలేదు వదినా, పడుకున్నారు," అంది ఆమె. ఇద్దరూ వీధి చివరిదాకా నవ్వుకుంటూ నడిచారు. వీధి చివర అయితే నవ్వొచ్చు.

ఇన్ని చేసినా ఒక్క చప్పుడు మాత్రం ఆ ఇంట్లో ఆగేది కాదు. అది అతని నోటి నుంచే వచ్చేది. ఉద్యోగంలో చేరిన కొత్తలో మూడు కేకలు నేర్పారు. ముందు "ఎవరది?" తర్వాత "ఆగక్కడే!" చివరికి "కాలుస్తాను!" రోజూ రాత్రి అవసరం ఉన్నా లేకపోయినా వాటిని ఒకసారి అరిచి చూపించాలి, పర్యవేక్షకుడు వింటాడు. రాత్రి నోటికి పట్టిన మాట పగలు నిద్రలో బయటికొచ్చేది. వారానికి రెండు మూడు సార్లయినా కళ్లు మూసుకునే ఉండి, "ఎవరది?" అని ఇల్లెగిరిపోయేలా అరిచేవాడు.

మొదట్లో ఆమె పాపం జవాబిచ్చేది. "నేనేనండీ, నేనే" అనేది. ఆ గొంతు వినగానే అతనికి మెలకువ వచ్చేసేది. ఒకసారి మెలకువ వస్తే మళ్లీ కునుకు పట్టేది కాదు. రాత్రి డ్యూటీలో కుర్చీలో తూలాడు. రెండుసార్లు తూలాక కాగితం ఇచ్చారు, మూడోసారి ఇంటికే అని. ఆ రోజు ఇంటికొచ్చి, అన్నం ముందు కూర్చుని, చెయ్యి పెట్టకుండా చెప్పాడు:

"చూడు. నేను నిద్రలో ఏం అరిచినా నువ్వు పలకొద్దు. కదలకు. ఎక్కడున్నదానివి అక్కడే నిలబడిపో. కాసేపటికి నేనే సర్దుకుంటాను."

"నిజంగానే పిలిస్తే?"

"నిజంగా పిలిస్తే నీకు తెలీదా ఏంటి?"

తెలుస్తుందని ఇద్దరూ అనుకున్నారు. పందొమ్మిదేళ్లు అలాగే గడిచాయి. అతను "ఎవరది?" అని అరిస్తే ఆమె చేతిలో గరిట చేతిలోనే, ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉండిపోయేది. మూడో కేక అయ్యాక ఓ నిమిషం ఆగితే గురక మొదలయ్యేది. అప్పుడు కాలు దించేది.

తుపాకీ మాట కూడా చెప్పాలి. ఇంట్లో ఉన్నప్పుడు దాన్ని విడదీసి ఇనప బీరువాలో పెట్టి తాళం వేసేవాడు. తూటాలు వంటింటి అటక మీద ఒక రేకు డబ్బాలో. రెండూ ఒకచోట ఉంచకూడదని లైసెన్సు కాగితంలోనే ఉంది. ఇరవయ్యొక్క ఏళ్ల పాటు ఆ కాగితం మాట జవదాటలేదు.

ఇరవై రెండో ఏడు వీధిలో దొంగతనాలు మొదలయ్యాయి. నెలలో మూడిళ్లు. అన్నీ పట్టపగలే, ఇంట్లోవాళ్లు పనులకి పోయిన వేళలో. తాళాలు పగలలేదు, ఎవరూ ఏ చప్పుడూ వినలేదు. ఎదురింటాయన, పదవీ విరమణ చేసిన గుమాస్తా, సాయంత్రం వీధిలో ఎవరు దొరికితే వాళ్లకి ఆ సంగతే చెప్పేవాడు.

"వాడు పిల్లిలా వస్తున్నాడండీ. పిల్లయినా నయం, అప్పుడప్పుడు మ్యావ్ అంటుంది. మీకేం లెండి, ఇంట్లో తుపాకీ ఉంది. దొంగే మిమ్మల్ని చూసి జడుసుకోవాలి."

"అది బీరువాలో ఉంది కదండీ," అన్నాడు అతను.

"బీరువాలోనా! మరైతే దొంగకి తాళంచెవి కూడా అక్కడే పెట్టండి, వెతుక్కునే శ్రమ తప్పుతుంది."

అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు. కానీ ఆ మాట ముల్లులా దిగింది. మర్నాటి పొద్దున పడుకునేముందు తుపాకీ గొట్టాలు బిగించి, రెండిట్లోనూ తూటాలు పెట్టి, మంచానికీ గోడకీ మధ్య నిలబెట్టాడు.

ఆమె చూసింది. ఆమె అప్పటికి స్కూలు యూనిఫాంలు కుట్టే షెడ్డులో పనికి పోతోంది. పొద్దున తొమ్మిదికి వెళ్తే సాయంత్రం ఆరు.

"అదేంటండీ అక్కడ?"

"ఉండనీ కొన్నాళ్లు."

"వద్దు. లోపల పెట్టేయండి. నాకు భయం."

"వాడొచ్చి నెత్తిన నిలబడ్డాక, బాబూ కాస్త ఆగు, తాళంచెవి వెతుక్కుంటాను అనమంటావా?"

"వాడొస్తే ఏముంది మనింట్లో పట్టుకుపోవడానికి? నా మిషనా? మొయ్యలేక వాడే చస్తాడు."

ఎప్పుడూ ఆమె హాస్యానికి కరిగిపోయే మనిషి ఆ రోజు కరగలేదు. ఆమె టిఫిను డబ్బా తీసుకుని గోడవారగా నడిచి వెళ్లిపోయింది.

అది జరిగి పదకొండు రోజులు. పన్నెండో రోజు షెడ్డులో ఒంటిగంటకి కరెంటు పోయింది. సాయంత్రం దాకా రాదన్నారు. బొత్తాల కాజాలు చేత్తో కుట్టుకుందామంటే సన్న సూదులు ఇంట్లో మిషను సొరుగులో ఉన్నాయి. తెచ్చుకుంటానని ఆమె బయల్దేరింది. ఎండలో పది నిమిషాల నడక. గుమ్మం బయట చెప్పులు విప్పింది. తాళం నిదానంగా తిప్పింది. తలుపు నూనె పోసిన తలుపు. గాలికి కూడా చప్పుడు కాదు. గోడవారగా నడిచి మిషను దగ్గరికి వెళ్లి, సొరుగుని కొంచెం పైకి ఎత్తిపట్టి లాగింది, అలా లాగితే గీరుకోదు.

లోపల అతనికి మెలకువ వచ్చింది. దేనికి వచ్చిందో అతనికీ తెలియదు. ఇంట్లో గాలి కొంచెం మారినట్టనిపించి ఉంటుంది. చెవులు రిక్కించాడు. ఆ చీకటి గదిలో అతనికి వినిపించింది చప్పుడు కాదు. చప్పుడు కాకూడదని ఎవరో పడుతున్న జాగ్రత్త. సొరుగు తెరుచుకుంటోంది, కానీ తెరుచుకుంటున్నట్టు తెలియనివ్వడం లేదు. అడుగు పడుతోంది, కానీ మునివేళ్ల మీద పడుతోంది. ఆమె ఆరింటికి గానీ రాదు. చెయ్యి గోడ వైపు పోయింది.

"ఎవరది?" అన్నాడు.

అడుగు ఆగింది. ఆమె సూదుల పొట్లంతో కర్టెన్ పక్కన నిలబడిపోయింది.

"ఆగక్కడే!"

నిశ్శబ్దం. మంచం మీంచి లేచి కూర్చున్నాడు. ఊపిరి బిగబట్టినట్టున్న ఆ నిశ్శబ్దం తన వైపే చూస్తోందనిపించింది.

"కాలుస్తాను!"

మూడోది కూడా అయింది కదా, ఇక సర్దుకుంటారు, దుప్పటి కింద పడి ఉంటుంది, చూసి కప్పి వెళ్దాం అనుకుంది ఆమె. కర్టెన్ అంచు పట్టుకుంది. కర్టెన్ కదిలింది. అతను నొక్కాడు.

తర్వాత జరిగిందాన్ని వీధంతా చెప్పుకుంది కాబట్టి ఎక్కువ చెప్పనక్కర్లేదు. మొదట పరిగెత్తుకొచ్చింది ఎదురింటి గుమాస్తాయే. అతను నేల మీద కూర్చుని ఆమె తల ఒళ్లో పెట్టుకుని, ఊడదీసిన కర్టెన్‌ని ఆమె భుజానికి అదిమిపట్టి, ఒకే మాట అంటున్నాడు. "ఎందుకు పలకలేదే? ఎందుకు పలకలేదే నువ్వు?" ఆమె కళ్లు తెరిచే ఉన్నాయి. పెదాలు తడుపుకుంది.

"నిద్రలో అరుస్తున్నారనుకున్నాను," అంది.

కుడి భుజంలో, మెడ కింద, పై చేతిలో సీసపు గుళ్లు దిగాయి. మూడు ఆపరేషన్లు. నాలుగో రోజుకి ప్రాణానికి భయం లేదన్నారు. చెయ్యి నిలిచింది గానీ అది ఇక పనిచేసే చెయ్యి కాదన్నారు. మోచెయ్యి సగం వంగుతుంది. వేళ్లు ముడుచుకోవు. కత్తెర పట్టి నలభయ్యేళ్లు బతికిన చెయ్యి.

కూతురు ఆసుపత్రి వరండాలో అతని దగ్గరికి వచ్చింది. తిట్టలేదు. తిడితే బాగుండుననుకున్నాడు.

"నాన్నా, నువ్వు లోపలికి రాకు. నువ్వొస్తే అమ్మ నిద్రపోవడం లేదు. కళ్లు తెరుచుకుని పడుకుంటోంది."

"నేను మాట్లాడను. మూల కూర్చుంటాను."

"నువ్వు మాట్లాడకపోతేనే ఇంకా భయం నాన్నా."

పోలీసు స్టేషన్లో ఇన్‌స్పెక్టరు మంచివాడే. కూర్చోమన్నాడు, మంచినీళ్లిచ్చాడు. తర్వాత అడిగాడు: "ఎవర్ని చూసి కాల్చావు?"

ఆ ప్రశ్నకి జవాబు అతని దగ్గర లేదు. జవాబు లేకపోవడం ఎంత ఘోరమో ఆ క్షణంలోనే తెలిసింది. అందుకని నోటికొచ్చింది చెప్పాడు. "మగమనిషి సార్. కర్టెన్ అవతల."

"ఎంత ఎత్తు?"

"నా అంత."

"ఏం వేసుకున్నాడు?"

"నీలం చొక్కా."

అలా పుట్టాడు ఆ మనిషి. రెండోసారి చెప్పినప్పుడు వాడికి బక్కపలచటి ఒళ్లు వచ్చింది. మూడోసారి చేతిలో ఇనప చువ్వ వచ్చింది. వకీలు దగ్గరికి వెళ్లేసరికి వాడు పెరటి గుమ్మం లోంచి వచ్చి, ఆమె వీధి తలుపు లోంచి రావడం చూసి తప్పుకుని, అదే గుమ్మం లోంచి పారిపోయాడు కూడా. వకీలుకి వాడు బాగా నచ్చాడు. "ఇదీ కేసంటే," అన్నాడు. అతను అబద్ధం చెబుతున్నానని కూడా అనుకోలేదు. రాత్రుళ్లు ఒంటరిగా ఆ ఇంట్లో పడుకుంటే నీలం చొక్కా నిజంగానే కళ్ల ముందు ఆడేది. వాడి మీద కసి పుట్టేది. వాడే లేకపోతే తన భార్య తన దగ్గరే ఉండేది కదా అనిపించేది.

తుపాకీ పోలీసులు పట్టుకెళ్లారు. లైసెన్సు రద్దయింది. ఉద్యోగం అంతకు ముందే పోయింది. బెయిలు మీద బయట తిరుగుతూ ఒక పెద్ద కొట్లో గోదాము మూటలు సరిచూసే పని సంపాదించుకున్నాడు, పగటి పని. ఆమె ఆసుపత్రి నుంచి నేరుగా కూతురింటికి వెళ్లిపోయింది.

ఆదివారాలు అక్కడికి వెళ్లేవాడు. అల్లుడు బస్సు డ్రైవరు, మాటల మనిషి. "రండి మామయ్యా, కూర్చోండి," అని కుర్చీ చూపించి, ఏ బస్సు ఎక్కడ ఆగిపోయిందో చెప్పి, గది నింపేవాడు. ఆమె మంచం మీద కూర్చుని ఎడం చేత్తో గుడ్డ మీద సుద్దముక్కతో గీతలు గీస్తూ ఉండేది. గీత వంకరపోతే చెరిపేది. అతని మీద ఆమెకి కోపం కనబడేది కాదు. టీ తాగారా, మందులు వేసుకుంటున్నారా అని అడిగేది. ఒక ఆదివారం అల్లుడు లేని సమయం చూసి అతను అడిగేశాడు.

"ఇంటికి ఎప్పుడొస్తావు?"

ఆమె గీయడం ఆపింది. "రావాలనే ఉందండీ. సామానంతా అక్కడే ఉంది. కానీ అక్కడ పడుకుంటే నాకు నిద్ర పడుతుందా అని."

"బీరువా కూడా అమ్మేశాను. ఇంట్లో కూరగాయల చాకు తప్ప ఏమీ లేదు."

"తుపాకీ సంగతి కాదు."

"మరి?"

"తెలిస్తే చెప్పనా?"

అలా ఏడాది దాటింది. విచారణ తేదీ వచ్చింది. అంతకు వారం ముందు వకీలు ఆమె దగ్గరికి మనిషిని పంపాడు. ఆ నీలం చొక్కావాణ్ణి తానూ ఒక క్షణం చూశానని ఆమె కోర్టులో చెబితే చాలు, కేసు వీగిపోతుందట. ఆమె ఆలోచించి చెబుతానంది. ఆ ఆదివారం అతను వెళ్లేసరికి కూతురితో మనవరాలిని తీసుకుని పక్కింటికి వెళ్లమంది. అతన్ని ఎదురుగా కూర్చోబెట్టింది.

"నేను కోర్టులో చెప్పాలట కదా. చూడని మనిషి గురించి ఎలా చెప్పను? మీరు చూశారు కాబట్టి చెప్పండి. నేను నేర్చుకుంటాను."

"అంత అవసరం లేదు, చూశానంటే చాలట."

"వాళ్లు అడిగితే తెల్లమొహం వెయ్యనా? చెప్పండి. నీలం అంటే ఏ నీలం?"

"ముదురు."

"పొట్టి చేతులా, పొడుగు చేతులా?"

"పొడుగు."

"కాలరు?"

"ఉంది."

"భుజం ఎంత ఉంటుంది? మన అల్లుడంత ఉంటాడా, మీ అంత ఉంటాడా?"

బట్టలు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్లని ఆమె అడిగే తీరే అది. గొంతులో ఏ మార్పూ లేదు. అతను జవాబులు చెబుతూ పోయాడు. ఒక్కొక్క జవాబుకీ ఆ మనిషి ఇంకొంచెం గట్టిపడుతుంటే లోపల ఏదో కొంచెం హాయిగా కూడా ఉంది.

"జేబు ఉందా?"

"ఉంది. ఎడంపక్క."

"మూతున్న జేబా?"

"ఆఁ, మూత ఉంది. బొత్తం కూడా."

ఆమె అతని మొహంలోకి చూసింది.

"ఏమండీ. వాడు కర్టెన్ వెనకాల కదా ఉన్నాడు?"

అతను బొత్తం సంగతి మళ్లీ చెప్పబోయి ఆగాడు. గుడ్డకి వెనకాల ఉన్నవాడి జేబు బొత్తం తనకెలా కనబడింది? జేబు కనబడకపోతే చొక్కా కనబడిందా? చొక్కా కనబడకపోతే మనిషి? వెనక్కి వెళ్లి వెళ్లి ఆ గదిలో, ఆ మంచం మీద, ఆ క్షణం దగ్గర ఆగాడు. అక్కడ గోధుమరంగు గుడ్డ తప్ప ఏమీ లేదు.

"ఎవరూ లేరు," అన్నాడు.

"అదే అడుగుతున్నాను. ఎవరనుకున్నారు?"

"ఎవర్నీ అనుకోలేదు. దొంగ అని కూడా అనుకోలేదు. ఆలోచించలేదు. మూడు కేకలయ్యాయి, ఎవరూ పలకలేదు. కర్టెన్ కదిలింది. నొక్కాను."

ఆమె ఎడం చెయ్యి కుడి చేతిని ఒళ్లోకి తెచ్చుకుంది, బిడ్డని తెచ్చుకున్నట్టు.

"అంటే ముందురోజు పిల్ల వచ్చి ఉందే మనింట్లో, అది కర్టెన్ పట్టుకుని ఊగుతుందే. కర్టెన్ వెనక అదున్నా మీకు ఒకటే."

అతను తల దించుకున్నాడు. ఇరవై రెండేళ్ల కిందట కేకలు నేర్పిన ముసలి సైనికుడు గుర్తొచ్చాడు. అతని చెవి దగ్గరికొచ్చి ఎగతాళిగా అన్నాడు ఆయన: "గొంతు బాగుందోయ్, పాటగాడివి కావలసింది. ఎందుకు అరుస్తున్నావో తెలుసా? వాడికి భయం పుట్టడానికి కాదు. అరిచేలోగా నీ కళ్లు వాణ్ణి పట్టుకోవాలి. వాడెవడో తెలీకపోతే నాలుగోసారి అరువు, నలభైసార్లు అరువు. దీపం వేసి చూడు. వేలు మాత్రం ట్రిగ్గరుకి తాకకుండా బయటే ఉంచు." నవ్వుతూ విన్నాడు ఆ రోజు. కేకలు నేర్చుకున్నాడు, చూడడం నేర్చుకోలేదు. చెయ్యి చాస్తే అందే దూరంలో ఉంది ఆ గదిలో దీపం స్విచ్చి. పగటి నిద్ర మనిషి కాబట్టి ఏళ్ల తరబడి దాన్ని వేసిన పాపాన పోలేదు.

ఈ మాటలన్నీ ఆమెకి చెప్పాడు. స్విచ్చి సంగతి కూడా చెప్పాడు. ఆమె ఓదార్చలేదు.

"ఏడాది నుంచి నాకు నిద్ర లేనిది ఇందుకే," అంది. "మీరు వాడి గురించి చెప్పినప్పుడల్లా, ఆ ఇంట్లో నాకు తెలీకుండా ఒకడున్నాడు, నేను వాడి పక్కనే నిలబడ్డాను అనుకుని వణికిపోయేదాన్ని. లేనివాడి కోసం వణికాను."

"కోర్టులో ఏం చెప్పమంటావు?"

"నేను చెప్పమంటే చెబుతారా?"

"నువ్వేమంటే అదే."

"అదే వద్దు. పందొమ్మిదేళ్లు మీరేమంటే అది నేను చేశాను. చూశాం కదా."

కోర్టులో వకీలు నివ్వెరపోయి చూస్తుండగా అతను ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. నేను ఎవర్నీ చూడలేదు, నీలం చొక్కా లేదు, నిండిన తుపాకీ మంచం పక్కన పెట్టుకున్నాను, దీపం వేయలేదు, కాల్చాను. మెజిస్ట్రేటు రెండుసార్లు అడిగాడు, ఇది నీ ఇష్టంతోనే చెబుతున్నావా అని. తర్వాత ఆమెని పిలిచారు. మూడుసార్లు అరిచినా ఎందుకు పలకలేదని అడిగారు. "పలకొద్దన్నారండీ," అంది. ఇంకేమైనా చెప్పాలా అంటే, లేదంది. పద్దెనిమిది నెలలు వేశారు.

ఆమె నెలకోసారి చూడ్డానికి వచ్చేది. మధ్యలో జల్లెడలాంటి ఇనప తెర, రెండు వైపులా బల్లలు, చుట్టూ పది కుటుంబాల గోల. అతనికి ఆ గోల ఇష్టంగా ఉండేది. కుట్టిన బట్టలు పరీక్షించే పని షెడ్డులో తనకి ఇచ్చారని చెప్పింది. కుట్టు వంకరపోతే తన కంటి నుంచి తప్పించుకోలేదని ఆడపిల్లలు భయపడి చస్తున్నారట. ఆ మాట చెప్పినప్పుడు నవ్వింది. పాత ఇల్లు ఖాళీ చేశారు. మిషను కూతురింట్లో ఉంది.

విడుదలకి పది రోజుల ముందు ఆఖరిసారి వచ్చింది. ఎప్పటికన్నా ముందుగా వచ్చి కూర్చుంది. అతను అడగడానికి భయపడ్డాడు. అడక్కుండా ఉండడానికి అంతకన్నా భయపడ్డాడు.

"వస్తావా నాతో?"

"ఇల్లు చూశాను," అంది ఆమె. "రెండు గదులు. వీధి వైపు కిటికీ పెద్దది, వెలుతురు బాగా వస్తుంది. మీ గోదాముకి దగ్గర."

"వస్తావా అని అడిగాను."

"పొద్దున్నే వస్తాను. వండిపెట్టి షెడ్డుకి పోతాను. సాయంత్రం వచ్చి, తిన్నాక వెళ్లిపోతాను. పడుకునేది మాత్రం అమ్మాయి దగ్గరే."

"ఎన్నాళ్లు?"

"ఏమోనండీ. మీరు నిద్రపోతున్న చోట నా కన్ను మూతపడదు. మీ మీద కోపం కాదు. కోపమైతే ఈపాటికి తగ్గేది. ఒళ్లు మాట వినడం లేదు. ఇది చూడండి," అని కుడి చెయ్యి బల్ల మీద పెట్టింది. "దీనికెంత చెప్పినా ముడుచుకోదు. నా నిద్రా అంతే."

అతను ఆ చేతిని చూశాడు. ఇక అడగడానికేమీ మిగల్లేదు. కొన్నాళ్లకి అలవాటవుతుందని చెప్పబోయి మానేశాడు. అది అబద్ధమో కాదో తనకి తెలియదు.

"సరే," అన్నాడు. "పొద్దున ఎన్నింటికి వస్తావు?"

"ఏడింటికి."

"రెండో తాళంచెవి నీ దగ్గరే ఉంచుకో. నేను లేవకపోయినా తీసుకుని రావచ్చు."

"వద్దు. నేను తలుపు తడతాను, మీరే తియ్యండి. తలుపు పక్కనే కిటికీ ఉంది." ఆమె సంచీ ఎడం భుజానికి తగిలించుకుని లేచింది. "చూసి తియ్యండి."